రెండో గ్లాసు

ఫిబ్రవరి 6, గురువారం

రుక్సార్ సిస్టర్ రాయమన్నది. ఎన్ని గంటలకు ఎంత పోశాను, వెనక్కి లాగితే ఎంత వచ్చింది. మంచం కాళ్ల దగ్గర ఒక కాగితం కట్టారు. అందులో అంకెలు తప్ప ఇంకేమీ రాయొద్దట. అంకెలతో నాకు కుదరదు. నా బిడ్డ రుచిత కాలేజీ బ్యాగులో ఈ నోటుబుక్కు దొరికింది. ముందు పేజీల్లో దాని చేతిరాత ఉంది. అటు తిప్పకుండా వెనకవైపు నుంచి మొదలుపెట్టాను. ఏడో తరగతి చదువు నాది. తప్పులుంటే ఉండనీ. చూసేవాళ్లు లేరు.

ఈరోజు రుచికి ముక్కులోంచి పైపు వేశారు. కళ్లు తెరవక నాలుగు రోజులు. దాని అన్న ధను పోయి కూడా నాలుగు రోజులే. ఇద్దరిదీ ఒకే బండి.

సిస్టర్ ముందు పైపును రుచి ముఖం మీద పెట్టి కొలిచింది. ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది దాకా. ఆ పొడవు దగ్గర ప్లాస్టర్ ముక్క చుట్టింది. "గీ గుర్తు ముక్కు కాడ్నే ఉండాలె అమ్మా. జరిగితే నన్ను పిలువు. నువ్వు మాత్రం పొయ్యకు" అన్నది.

మొదటిసారి పైపు లోపలికి పోలేదు. నోట్లో చుట్ట చుట్టుకుంది. రెండోసారి దగ్గు వచ్చి ముఖం నల్లబడింది, తీసేసింది. మూడోసారి నన్ను తల పట్టుకోమన్నది. "మింగుమని చెప్పు అమ్మా. గీళ్లకు లోపల వినపడ్తది. మింగితెనే సక్కగ కడుపులకు పోతది" అన్నది. మింగు బిడ్డా అన్నాను. రుచీ అన్నాను. పేరు పెట్టి పది సార్లు పిలిచాను. బండను పిలిచినట్టే ఉంది. అప్పుడు నా నోట్లోంచి చిన్నప్పటి మాట వచ్చింది. నేను అనాలని అనలేదు.

"నువ్వు తినకుంటే అన్న తింటడు సూడు."

గుటక వేసింది. గొంతు పైకి కదిలి కిందికి దిగడం నేను చూశాను. ఒకటి, రెండు, మూడు గుటకలు. పైపు గుర్తు దాకా పోయింది. "షాబాష్" అన్నది సిస్టర్, ఎవరినో.

ఫిబ్రవరి 7

రెండు వందల మిల్లీ, పొద్దున నుంచి రాత్రి దాకా మూడు గంటలకోసారి. స్టీలు గ్లాసుకు సిస్టర్ ప్లాస్టర్ గీత పెట్టింది. గీత దాటొద్దు. తల ఎత్తుగా ఉండాలి. పోసే ముందు సిరంజీతో వెనక్కి లాగి చూడాలి, మునుపటిది అరిగిందో లేదో. నూరు కన్నా ఎక్కువ వస్తే పోయొద్దు.

నా చేయి వణకదు అని సిస్టర్ మెచ్చుకుంది. ఇరవై ఏళ్లు బీడీలు చుట్టిన చేయి, ఎందుకు వణుకుతుంది.

ఫిబ్రవరి 8

మా ఆయన, ఆయన అక్క చంద్రవ్వ వదినె బోధన్ నుంచి వచ్చారు. ఆయన మంచం పక్కన నిలబడి రుచి పాదం పట్టుకున్నాడు, వదల్లేదు. మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే మనిషి, ఆ చేతికి పసుపు ఎన్నడూ పోదు. రుచి పాదానికి అంటింది.

ధను మూడో రోజు కర్మకు, పిట్టకు ముద్ద పెట్టేదానికి, నేను పోలేదు. నేను ఇక్కడే ఉన్నాను. అక్కడ ఏమైందో వదినె చెప్పింది.

"పిట్ట ముట్టలే శంకరమ్మా. అన్నం వెట్టినం, కోడికూర వెట్టినం, గారెలు వెట్టినం. వాని దోస్తులు సిగరెట్టు గూడ ముట్టిచ్చి వెట్టిండ్రు. కాకులు కొమ్మ మీద వరుసగ కూసున్నయి, ఒక్కటి దిగలే. పొద్దుగూకేదాక సూసినం. ఆఖరికి ఆవుకు వెట్టి వచ్చినం. ఆకలి మీద పోయిండే పోరడు."

"అక్కా, ఇగ ఊకో" అన్నాడు ఆయన.

"నేనేమన్న లేని మాట అన్ననా? తల్లికి తెల్వకుంటే ఎవ్వలకు తెలుస్తది?"

నాకు తెలుసు పిట్ట ఎందుకు ముట్టలేదో. రాయను.

ఫిబ్రవరి 10

పాలు పోశాను. మూడు గంటల తర్వాత లాగితే ఎనభై వచ్చింది, విరిగి, తెల్లగా. పప్పుకట్టు పోశాను. అరవై వచ్చింది. జొన్నరవ్వ ఉడికించిన గటకను మజ్జిగలో పలుచగా కలిపి, బట్టలో వడగట్టి పోశాను. లాగితే ఏమీ రాలేదు. సిరంజీలో ఉత్త గాలి.

రుచికి మజ్జిగ పడదు. చిన్నప్పటి నుంచి వాసన చూస్తేనే ఓకరించేది. పాలైతే గిన్నె కడిగినట్టు తాగేది.

మజ్జిగ గటక ధనుకు ఇష్టం.

ఫిబ్రవరి 11

మళ్లీ చూశాను. పాలు వెనక్కి వచ్చాయి. గటక రాలేదు.

గటక పోస్తున్నప్పుడు నాలుక బయటికి వచ్చి పెదవి నాకింది. పైపు ముక్కులో ఉంది, గటక నాలుకకు తగలదు, దాని రుచి ఎట్లా తెలుస్తుంది?

సిస్టర్‌ను అడిగాను. "మజ్జిగ తొందరగ అరుగుతది అమ్మా, పాలు విరుగుతయి. అంతే" అన్నది. నాలుక గురించి అడిగితే, "గట్ల చేస్తరు" అని పోయింది.

ఫిబ్రవరి 12, బుధవారం

మధ్యాహ్నం ఒంటిగంట. వార్డంతా ఎండ. కిటికీ ఊచల నీడ మంచం మీద పడి ఉంది. రుచి కుడి మోకాలు దుప్పటి కింద ఊగడం మొదలుపెట్టింది. సన్నగా, ఆగకుండా.

ధను అట్లాగే ఊపేవాడు. తినడానికి కూర్చొని, కంచం వచ్చేదాకా కుడి మోకాలు ఊపుతూనే ఉండేవాడు. పీట మీద ఉన్న నీళ్ల చెంబు కూడా వణికేది. "కాలు ఊపకురా, దరిద్రం" అని ఎన్నిసార్లు కొట్టానో.

ఒక గ్లాసు పోశాను. మోకాలు ఆగలేదు. అప్పుడు అర్థమైంది. ఇది రుచి గ్లాసు. రుచి తిన్నది. ఇంకొకరు తినలేదు.

రెండో గ్లాసు పోశాను. సగం పోగానే మోకాలు ఆగింది. ఒక్కసారే ఆగింది, కంచం ముందుకు రాగానే ఆగినట్టు.

కాగితంలో రెండు వందలు అని రాశాను. ఇక్కడ రాస్తున్నాను, నాలుగు వందలు.

ఇక అది కూడా రాస్తాను. ఆ ఆదివారం వర్నిలో రుచి స్నేహితురాలి పెండ్లి. సాయంత్రం తీసుకురమ్మని ఫోన్ చేసింది. ధను బండి తాళం తీసుకొని వచ్చి, "అవ్వా, ఆకలైతుంది, ఏమన్న వెట్టు" అన్నాడు. చాటలో బీడీ ఆకు తడిపి పెట్టుకున్నాను, ఆరిపోతుంది. లేవాలనిపించలేదు. "చెల్లెను తోల్కరా పో. వచ్చినంక తిందువు గాని" అన్నాను. గటక పొయ్యి మీదే ఉంది. వాడు మూత తీసి చూసి, మళ్లీ పెట్టి పోయాడు. మూత చప్పుడు విన్నాను.

ఇద్దరూ తిరిగి వస్తుంటే, రుద్రూర్ దాటాక చెరుకు ట్రాక్టర్ దీపం లేకుండా ఆగి ఉందట. చీకట్లో కనపడలేదట.

ఫిబ్రవరి 13

రోజుకు ఆరు సార్లు. ప్రతిసారి రెండు గ్లాసులు. ఒక్క చుక్క వెనక్కి రాలేదు. నాకు ఎన్నో రోజుల తర్వాత నిద్ర పట్టింది.

ఫిబ్రవరి 14

పక్క మంచం గౌహర్ చూసింది. వాళ్ల ఆయన రహీం సాబ్‌కు పక్షవాతం, ఆయనకూ ముక్కు పైపే. గౌహర్ మంచి మనిషి, నవ్విస్తుంది. "నలభై ఏండ్లు నా కూరకు వంక వెట్టిండు అక్కా. ఉప్పు లేదు, కారం లేదు. ఇప్పుడు అడుగుమను సూస్త" అంటుంది పైపులో పోస్తూ. పోశాక మాత్రం కొంగుతో ఆయన మూతి తుడుస్తుంది, మూతికి ఏమీ అంటకపోయినా.

"రెండోది ఎవరికి అక్కా?" అని అడిగింది.

"దానికే."

"నా దగ్గర దాస్తవా? ఒకటి పోసేటప్పుడు రుచీ అంటవు. ఇంకోటి పోసేటప్పుడు ధనూ అంటవు."

నేను అట్లా అంటున్నానని నాకు తెలియదు.

గౌహర్ తన సిరంజీ కడిగి పెట్టింది. తర్వాత, "పోయినోళ్ల పేరు మీద మేం బయట బీదోళ్లకు పెడ్తం. ఇంట్ల బతికున్నోళ్ల నోట్లె పొయ్యం" అన్నది. అటు తిరిగి పడుకుంది.

నాకు కోపం వచ్చింది. ఆమెకు బిడ్డలు పోలేదు.

ఫిబ్రవరి 15

సిస్టర్ పొట్ట తట్టి చూసింది. డప్పులా మోగింది. "గట్టిగుంది అమ్మా. ఎంత పోస్తున్నవ్?"

"గీత దాకనే."

నా ముఖం చూసింది. కాగితం చూసింది. రాసుకొని పోయింది.

రుచి బుగ్గలు నిండుగా అయ్యాయి. దవడ ఎముక వెడల్పయినట్టు ఉంది. ధనుది వెడల్పు దవడ. కిటికీ వైపు నుంచి చూస్తే వాడే. తలుపు వైపు నుంచి చూస్తే రుచి. నేను కిటికీ వైపు కూర్చుంటున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఒంటిగంట. పోసే ముందు లాగాను. నూట యాభై వచ్చింది. అంత వస్తే పోయొద్దు. నాకు తెలుసు. కానీ మోకాలు ఊగుతోంది. రోజూ కన్నా గట్టిగా, మంచం ఇనుము కిర్రుమంటోంది. లాగిందాన్ని మళ్లీ లోపలికి పోశాను. దాని మీద మొదటి గ్లాసు పోశాను. మోకాలు ఆగలేదు. పోస్తున్నా బిడ్డా, పోస్తున్నా అన్నాను. రెండో గ్లాసు.

రుచి కళ్లు తెరిచింది. పద్నాలుగు రోజుల తర్వాత. నన్ను చూసింది అనుకున్నాను, నవ్వాను. నోట్లోంచి, ముక్కులోంచి గటక పొంగింది. పైపు చుట్టూ బుడగలు. పెదవులు నేరేడుపండు రంగు అయ్యాయి. నేను సిరంజీ పైకి ఎత్తి పట్టుకొనే ఉన్నాను. దించాలని తోచలేదు. గౌహర్ అరిచింది, "సిస్టర్! అరే సిస్టర్!"

రుక్సార్ పరుగెత్తి వచ్చి రుచిని పక్కకు తిప్పింది. మిషన్ పెట్టి గుంజింది. సీసా నిండింది. ఇంకో సీసా పెట్టారు.

డాక్టరు కాగితం తీసి రుక్సార్ మీద అరిచాడు. "రెండు వందలు రాసి ఉంది. గీ సీసాల ఉన్నది రెండు వందలా? నువ్వు చూడవా?" ఆ పిల్ల తల వంచుకొని నిలబడింది. నా వైపు వేలు చూపలేదు.

"ఆమె కాదు సారూ. పోసింది నేను" అన్నాను.

ఫిబ్రవరి 17

జ్వరం. ఊపిరితిత్తుల్లోకి పోయిందట, నిమ్ము. కళ్లు మళ్లీ మూతపడ్డాయి. పోయడం బంద్. పైపుకు సంచి కట్టి కిందికి వేలాడదీశారు.

సాయంత్రం డ్యూటీ దిగే ముందు రుక్సార్ వచ్చి నా పక్కన కూర్చుంది. "ఎవరికమ్మా రెండో గ్లాసు?"

చెప్పాను. మూత చప్పుడు దాకా మొత్తం చెప్పాను.

"మీ కొడుకుకు నేనేం చెయ్యలేను అమ్మా" అన్నది. "గీ బెడ్డు మీద నాకు రాసిచ్చింది ఒక్క పేషెంట్‌ను. ఒక్కటే కడుపు. అది నిండి పొంగితే ఊపిరికి జాగ ఉండది. ఇంకోసారి గిట్లయితే ఈ పిల్ల గూడ దక్కది. సాఫ్ చెప్తున్న."

ఫిబ్రవరి 18

ఒంటిగంట. మోకాలు ఊగింది. సంచిలోకి పచ్చటి నీళ్లు దిగుతున్నాయి.

ఫిబ్రవరి 19

ఒంటిగంట నుంచి మూడు దాకా. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఇనుము చప్పుడు వినపడుతూనే ఉంది.

ఫిబ్రవరి 21

ఆయన వచ్చాడు. సిస్టర్ ఆయనకు అన్నీ చెప్పినట్టుంది. తిడతాడు అనుకున్నాను. వరండాలోకి రమ్మన్నాడు. గోడకు ఆనుకొని నిలబడి, చాలాసేపు అరచేయి గోకుకున్నాడు.

"వాడు ఆకలితోని పోలే" అన్నాడు.

"నీకెట్ల ఎరుక?"

"పోస్టుమార్టం కాడ నేనే ఉంటి గదా. కడుపుల అన్నం ఉండె అన్నరు. పప్పు, బగారన్నం. పెండ్లి అన్నం. వర్నిల తిని బయలెల్లిండు."

"గిన్నొద్దులు ఎందుకు చెప్పలే?"

"కొడుకు కడుపు కోసిన ముచ్చట నీకెట్ల చెప్పాలె?"

నేను వరండాలోనే కూలబడ్డాను. ఏడ్చాను. ఏడుస్తూ నవ్వాను కూడా. తిన్నాడు. నా ధను తిన్నాడు. పంక్తిలో కూర్చొని, మోకాలు ఊపుకుంటూ, విస్తరి రాగానే ఆగి తిన్నాడు.

ఫిబ్రవరి 22

ఒంటిగంటకు మోకాలు ఊగింది.

ధను తిని పోయాడు. మరి ఇది ఎవరు?

ఫిబ్రవరి 23

ఆయన నా కోసం అబద్ధం చెప్పి ఉంటే బాగుండు. అబద్ధమైతే వాడే అనుకోవచ్చు. కానీ ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. పెండ్లినాడు కూడా చెప్పలేకపోయాడు.

నాలుగు రోజులు, రోజుకు ఆరు గ్లాసులు, పేరు పెట్టి పిలిచి మరీ పోశాను. పిలిస్తే ఎవరు వచ్చారు?

తలుపు వైపుకు మారాను. ఇటు నుంచి చూస్తే రుచే. ఇటు నుంచే చూడాలి.

ఫిబ్రవరి 24

జ్వరం తగ్గింది. మళ్లీ మొదలు. యాభై మిల్లీ మాత్రమే. రుక్సార్ తానే పోసింది. "నేను చేస్త" అని అడగలేదు నేను.

ఫిబ్రవరి 26, శివరాత్రి

నాది ఒక్కపొద్దు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఒంటిగంటకు రుచి చెవి దగ్గర వంగి చెప్పాను, "నువ్వెవరో నాకు తెల్వది. నేను గూడ ఆకలితోనే ఉన్న. సూడు, ఓర్సుకుంటలేనా?"

మోకాలు కాసేపు ఆగింది. వింటున్నట్టు. మళ్లీ మొదలైంది.

ఫిబ్రవరి 27

ఈరోజు నూరు. నన్ను పోయమన్నది సిస్టర్, పక్కన నిలబడి. "కానీయ్ అమ్మా. రేపు ఇంటికి పోయినంక నువ్వే గదా" అన్నది. వెనక్కి లాగాను, పది వచ్చింది. గీత దాకా పోశాను. నీళ్లతో పైపు కడిగాను. మూత పెట్టాను.

ఊగుతూనే ఉంది. రెండు చేతులతో మోకాలు పట్టుకొని కూర్చున్నాను. చర్మం కింద కోడిపిల్ల కొట్టుకున్నట్టు కొట్టుకుంది. డాక్టరు వచ్చి చూసి, నరాల దెబ్బకు అట్లా అవుతుంది, గోళీ రాస్తాను అన్నాడు. రాశాడు.

గోళీ కూడా నూరి పైపులోనే పోశాను.

మార్చి 3, సోమవారం

కళ్లు తెరిచింది. ఈసారి మూయలేదు.

ఆయన వచ్చి పిలిచాడు. వదినె ఫోన్లో పిలిచింది. ఎవరి వైపూ తిరగలేదు. బల్ల మీద గ్లాసు ఉంది. దాన్నే చూసింది, పొద్దంతా. గ్లాసును కిటికీలో పెట్టాను. కళ్లు కిటికీకి పోయాయి. మంచం కింద పెట్టాను. కళ్లు నా చేతి మీదికి వచ్చాయి.

రుక్సార్‌కు, గౌహర్‌కు రంజాన్ ఉపవాసాలు, రోజాలు మొదలయ్యాయి. నాలుక తడి లేకుండా ఇద్దరూ పనులు చేస్తున్నారు. గౌహర్ తన ఆయనకు టైముకు పోస్తూనే ఉంది. ఇప్పుడు ఉప్పు ముచ్చట ఎత్తడం లేదు.

మార్చి 5

నూట యాభై. వెనక్కి ఏమీ రాలేదు. ఎడమ చేయి లేపింది, ముక్కు పైపు పట్టుకోవాలని. చేతికి మెత్తటి బట్ట చుట్టాను. నన్ను చూసి కళ్లతో తిట్టింది. అట్లా తిట్టేది రుచి. వెంటనే కళ్లు గ్లాసు మీదికి పోయాయి. అది ఎవరో.

మార్చి 8, శనివారం

డాక్టరు చెంచాతో నీళ్లు పోసి గొంతు మీద వేలు పెట్టి చూశాడు. మింగింది. దగ్గలేదు. "పైపు తీసేద్దాం" అన్నాడు.

రుక్సార్ ప్లాస్టర్ విప్పింది. ఊపిరి బిగబట్టుకోమని రుచికి చెప్పి ఒక్క గుంజు గుంజింది. వస్తూనే ఉంది, ఎంతో పొడవు. చివర నల్లగా మరక. రుచి తుమ్మింది.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. చిక్కటి జావ, ఐదు చెంచాలు. ఆరోది వద్దు. గొంతుకు ఇంకా బలం లేదు. ఈసారి ఊపిరితిత్తుల్లోకి పోతే మా చేతుల్లో ఉండదు. నా నోటితో చెప్పించుకున్నాడు. ఐదు అన్నాను.

ఒంటిగంట. ఎండ మంచం మీదికి వచ్చింది. రాగిజావ పట్టుకొని తలుపు వైపు కూర్చున్నాను. రుక్సార్ దూరంగా నిలబడి చూస్తోంది.

ఒకటి. మింగింది. రెండు. గొంతు కదలడం చూసి మూడు. నాలుగోదానికి పెదవులు చప్పరించింది. ఐదు.

మళ్లీ నోరు తెరిచింది.

అయిపోయింది బిడ్డా అన్నాను. నోరు ఇంకా పెద్దగా తెరిచింది. దవడ కిందికి జారి, పిట్టపిల్ల నోరు తెరిచినట్టు, అంగిలి కనపడేలాగా. కళ్లు నా ముఖం మీదనే ఉన్నాయి, రెప్ప వేయకుండా. ఆ కళ్లలో నాకు తెలిసిన వాళ్లు ఎవరూ లేరు. మోకాలు ఊగుతోంది. మంచం ఊగుతోంది. గిన్నెలో జావ ఉంది, చెంచా నా చేతిలోనే ఉంది. నా చేయి తనంతట తానే గిన్నెలోకి పోయింది. చెంచా నిండింది.

రుక్సార్ ఆపలేదు. ఒక్క అడుగు వేయలేదు. ఇంటికి పోయాక ఆమె ఉండదు కదా.

"లేదు" అన్నాను. "నువ్వు నా కొడుకువైనా లేదు. ఎవ్వలవైనా లేదు. గీడ ఒక్కతే ఉంది."

చెంచాలోది గిన్నెలో ఒంపాను. గిన్నె తీసుకుపోయి కుళాయి కింద పారబోశాను. కడిగి బోర్లించాను. అంతసేపూ వీపు మీద ఆ నోరు తెరిచే ఉన్నట్టు తెలుస్తూనే ఉంది.

తిరిగి వచ్చేసరికి నోరు మూసుకుంది. కింది పెదవి ముందుకు వచ్చింది. ముందు చప్పుడు లేదు, గొంతు బొంగురు. తర్వాత సన్నగా బయటికి వచ్చింది. కొంచెం ఏడ్చి, ఆగి, ముక్కు ఎగబీల్చి, నేను చూస్తున్నానా లేదా అని ఓరగా చూసి, మళ్లీ మొదలుపెట్టే ఏడుపు.

ధను ఎన్నడూ అట్లా ఏడవలేదు. ఈ లోకంలో అట్లా ఏడ్చేది ఒక్కతే.

ఊరుకోబెట్టలేదు. పక్కన కూర్చొని ఏడవనిచ్చాను.